ట్రాక్టర్ నిండా ప్రేమ

ఆ వెబ్ సిరీస్ చూసిన కుర్రకారంతా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. అన్ని ఎకరాల మామిడి తోట ఉన్న మగాడు, మనసిచ్చిన పిల్లకి ఒక్కటంటే ఒక్క కాయ తెచ్చి చేతిలో పెడతాడా, ఇదేం పిసినారి ప్రేమ అని. మా మేనకోడలి కూతురు ఇంకాస్త ముందుకెళ్లి, "మాటలు రాసింది మీరేగా తాతయ్యా, ఇంకో నాలుగు కాయలు రాస్తే మీ సొమ్మేం పోయింది?" అంది. నేను నాలుగు కాయలు కాదు, ట్రాక్టర్ లోడు రాశానని చెబితే నమ్మలేదు. ఆ లోడు ఎలా దిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి ఇందులో పాఠం ఏదైనా దొరికితే మంచిదే. దొరక్కపోయినా, నవ్వుకోవడానికి నేనున్నాను.

రిటైరయ్యేదాకా నేను టీవీ సీరియళ్లకి మాటలు రాసేవాణ్ణి. అత్తగారు మెట్లు దిగడానికి ఒక ఎపిసోడ్, దిగాక కోడల్ని చూడడానికి ఇంకో ఎపిసోడ్ పట్టేలా రాయడంలో నాకు మంచి పేరుండేది. ఎవరైనా గుమ్మంలో నిలబడి "అంటే..." అన్నారంటే ఆ వాక్యం సోమవారం దాకా పూర్తయ్యేది కాదు. ఇలాంటి నన్ను పిలిచి, తెలుగువాళ్లు రెండు తరాలుగా చదువుకుని కళ్లు తుడుచుకున్న ఒక ప్రేమ నవలని తెరకి మార్చమన్నారు. నా ప్రతిభ చూసి కాదు. ఆ నవల నూజివీడు మామిడి తోటల్లో నడుస్తుంది, నేను నూజివీడు వాణ్ణి. అంతే.

ఆ సంగతి నేను ఎవర్నీ మర్చిపోనిచ్చేవాణ్ణి కాదు. ప్రతి వేసవికీ దర్శకులకీ నిర్మాతలకీ రసాల పెట్టెలు పంపుతూ "మా తోటవండీ" అని చెప్పేవాణ్ణి. మా తోట నేను కాలేజీలో ఉండగానే అమ్ముడైపోయింది. పెట్టెలు హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి కొనేవాణ్ణి.

నవల రాసినావిడ మైలవరంలో ఉంటారు. ఎనభై దాటిన మనిషి, కళ్లకి ఆపరేషన్ అయింది, నోటికి మాత్రం ఏ ఆపరేషనూ అవసరం లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ ముందు కూడా ఒక పెట్టె పెట్టి "మా తోటవండీ" అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పెట్టె మీద అంటించిన కాగితం నిదానంగా చదివారు.

"మీ తోట జంక్షన్‌లో బస్టాండు పక్కనేనా అబ్బాయ్?" అన్నారు.

అయినా హక్కులిచ్చారు. ఒక్క షరతు పెట్టారు. స్క్రిప్టు చదివి సరేనంటేనే తన పేరూ, నవల పేరూ వాడుకోవాలి. వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "చూపు ఉండగానే ఒకసారి బొమ్మగా చూసుకోవాలని ఉంది. తొందరగా కానివ్వండి" అన్నారు. ఆ మాట ఆవిడ మామూలుగానే అన్నారు కానీ నాకు దారంతా చెవిలో ఉండిపోయింది. నాకూ ఒక ఆశ ఉండేది. ఇన్నేళ్లలో నా పేరు ఎప్పుడూ ప్రకటనలకి ముందు పరిగెత్తుతూ పోయేది. ఈసారి తెర మీద నిలబడి, రచన అని ఆవిడ పేరు, దాని కింద మాటలు అని నా పేరు కనిపిస్తుంది. మా అమ్మ ఆ నవల అట్ట చిరిగిపోయేదాకా చదివిన మనిషి.

కథ చెప్పాలి కదా. ఊరి బడికి బదిలీ మీద వచ్చిన టీచరమ్మ ఒకావిడ. పెద్ద తోట ఉన్న ఆసామి ఒకాయన. ఆసామి చెడ్డవాడు కాదు, అభిమానం ఎక్కువ. నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగడు. దాహమేసినా మంచినీళ్లు అడక్కుండా ఇంటికెళ్లి తాగే రకం. ఏడాదంతా ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఒకరంటే ఒకరికి ఇష్టమని ఊళ్లో అందరికీ తెలుస్తుంది, వాళ్లకి తప్ప. చివరికి ఆవిడకి మళ్లీ బదిలీ అవుతుంది. పెట్టె సర్దుకుంటూ, "ఏడాదున్నాను, మీ తోట కాయ రుచి ఎలా ఉంటుందో తెలియలేదు" అంటుంది. మర్నాడు ఆయన తోటలో కాపలా పాక దాకా నడిచి వెళ్లి, తువ్వాల్లో ఒక్క కాయ పెట్టుకుని వచ్చి ఆవిడ చేతిలో పెడతాడు. ఆవిడ ఆ కాయ వైపు చూసి, పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేస్తుంది. నవల అయిపోయింది.

ఈ ముగింపు నాకు చిన్నప్పట్నుంచీ మింగుడు పడేది కాదు. అంత తోట పెట్టుకుని ఒక్క కాయా? పైగా దానికి ఆవిడ ఉద్యోగం బదిలీ మానుకోవడమా? రచయిత్రి అప్పటికి చిన్నపిల్ల, ముగించడం చేతకాలేదు అనుకున్నాను. దాన్ని సరిచేసే బాధ్యత విధి నా మీద పెట్టిందని కూడా అనుకున్నాను.

స్క్రిప్టు మీటింగులో నేను చేసిన ప్రసంగం ఇప్పటికీ నాకు పొల్లుపోకుండా గుర్తుంది. తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. "ఒక్క కాయ కాగితం మీద సరిపోతుందండీ. తెర మీద పిసినారితనంలా ఉంటుంది. నేను నూజివీడు వాణ్ణి, మా వాళ్ల చెయ్యి ఎంత పెద్దదో నాకు తెలుసు. హీరో తనే చెట్టెక్కాలి. తెల్లారేసరికి ఆ అమ్మాయి గుమ్మం ముందు ట్రాక్టర్ నిండా కాయలు ఉండాలి. డ్రైవర్ సీట్లో హీరో ఉండాలి." నిర్మాత కుర్చీలోంచి లేచి నా చెయ్యి ఊపాడు. పాట కూడా పెడదామన్నాడు.

దర్శకుడు ఒక్కడే గొణిగాడు. నా కొడుకు వయసు వాడు. తెలుగు చదవడం రాదు, నవలంతా వాళ్లమ్మగారి చేత చదివించుకుని విన్నాడు. "ఆ ఒక్క కాయ దగ్గర మా అమ్మ ఆగిపోయిందండీ. ఏడ్చింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు" అన్నాడు.

"కంట్లో నలక పడుంటుంది బాబూ" అన్నాను. అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

స్క్రిప్టు తీసుకుని మైలవరం వెళ్లాను. ఆవిడ మనవరాలు పక్కన కూర్చుని చదివి వినిపించిందట. నేను వెళ్లేసరికి కాగితాలు బల్ల మీద చక్కగా దొంతి పెట్టి ఉన్నాయి. నేను పొగడ్తకి సిద్ధమై కూర్చున్నాను.

"నా పేరు తీసెయ్యండి" అన్నారావిడ.

"ఏం పొరపాటు జరిగిందమ్మా?"

"కథ బానే ఉంది. నాది కాదు."

"ఎక్కడ తేడా ఉందో చెప్పండి, మార్చేస్తాను."

"నూజివీడు వాణ్ణన్నావుగా. నీకు నేను చెప్పడమేంటి?" అని లోపలికి వెళ్లిపోయారు. కాఫీ వచ్చింది కానీ ఆవిడ మళ్లీ రాలేదు.

నిర్మాతకి పెద్ద బాధ కలగలేదు. పేరు లేకపోతే ఏం, కథకి హక్కులున్నాయిగా అన్నాడు. కొత్త పేరు పెట్టించాడు, పాత్రల పేర్లు మార్పించాడు, టైటిల్స్‌లోంచి ఆవిడని తీసేయించాడు. కాయలు దిగిపోతే మళ్లీ ఏడాది ఆగాలి కాబట్టి షూటింగుకి పదండన్నాడు. నేను స్క్రిప్టు ముందు వేసుకుని ఎన్నిసార్లు చదివినా నాకు నా ట్రాక్టర్ అందంగానే కనిపించింది.

చాట్రాయి దగ్గర ఒక తోట కుదిరింది. ఆ తోట ఆసామి భార్యకి ఆ నవలంటే ప్రాణమట, అందుకని అద్దె కూడా వద్దన్నాడు. నిటారుగా నడిచే మనిషి, మాట తక్కువ. "తోట మీదనుకోండి" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. మేం దాన్ని అక్షరాలా తీసుకున్నాం. మొదటి రోజు పొద్దున్నే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కాయలు కోసే చిక్కం కట్టిన గెడలు పట్టుకుని చెట్ల కిందకి చేరారు. ట్రాక్టర్‌కి పూలదండ వేసి ఉంది. మొదటి గెడ ఒక గుత్తిని తాకిందో లేదో, తోట మధ్యలో ఉన్న కాపలా పాకలోంచి ఒకాయన లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు.

"ఆపండి ఆపండి. ఎవర్నడిగి కోస్తున్నారండీ?"

"తోట ఓనరుగారి పర్మిషన్ ఉందండీ" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్.

"ఉంటే ఉండనీండి. తోట ఆయనది. కాయ నాది. పూత మీదే కొన్నాను. గాలివానొస్తే రాలేది నా కాయలు, మంగు తెగులు పడితే పోయేది నా కాయలు. మీరు కోసేదీ నా కాయలే."

గుత్తదారు. మా వైపు చాలా తోటలు పూత మీదే గుత్తకి ఇచ్చేస్తారు. ఆ తర్వాత కాయ దిగేదాకా ఆసామికి చెట్టు తప్ప కాయ లేదు. ఇది ఇప్పుడు మీకు చెబుతున్నాను కానీ, ఆ క్షణంలో నా బుర్రలో ఇంకా ఏమీ వెలగలేదు. పైగా దర్శకుడి భుజం తట్టి, "ఆసామిని రానివ్వండి, చూడండి ఎలా అదరగొడతాడో. మా వాళ్ల సంగతి మీకు తెలీదు" అన్నాను.

ఆసామి స్కూటర్ మీద వచ్చాడు. మేనేజర్ విషయం చెప్పగానే ఆయన మొహం మారిపోయింది.

"షూటింగన్నారు. కాయ కోస్తామని చెప్పలేదుగా" అన్నాడు.

"మీ తోటే కదండీ" అన్నాడు దర్శకుడు, పాపం.

ఆసామి ఇంటికొచ్చిన వాళ్లకి మాటిచ్చాడు, వెనక్కి తీసుకోలేడు. పాక వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను, అదరగొట్టడం దగ్గర్నుంచి చూద్దామని.

పాక ముందు గుత్తదారు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "రండి, కూర్చోండి" అన్నాడు. ఆసామి కూర్చోలేదు. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెట్ల చాలు వైపు చూశాడు. ఆ చెట్లు వాళ్ల నాన్న నాటినవి, ఆ సంగతి ముందు రోజు ఊళ్లోవాళ్లు చెప్పారు.

"ఏమయ్యా, మా ఇంటికి వీళ్లొచ్చారు..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏదో సినిమా అంట..." అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మెడ మీద చెమట కారుతోంది. ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పే మనిషి, సొంత తోటలో నిలబడి, ఒక కాయ అడగడానికి నోరు పెగలక నేల చూస్తున్నాడు.

గుత్తదారు ఆయన్ని ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. లోపల గడ్డిలోంచి మాగిన రసం కాయ ఒకటి తీసి, తుడిచి, "పొద్దున్నే చెట్టున మాగి రాలిందండీ, మీకే పంపుదామనుకుంటున్నాను" అంటూ ఆయన చేతిలో పెట్టాడు.

అప్పుడు వెలిగింది.

మా నాన్న కూడా తోట గుత్తకిచ్చేవాడు. వేసవిలో చుట్టాలొస్తే, ఇంటి వెనక చెట్లు విరగ్గాసి ఉన్నా, బజారుకెళ్లి కాయలు కొని తెచ్చేవాడు. రాలిన కాయ ముట్టుకుంటే అమ్మ చేతి మీద కొట్టేది. గుత్తదారు దగ్గరికి వెళ్లి ఒకటివ్వమని అడగడం మా నాన్న జన్మలో చెయ్యలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి, నూజివీడు వాణ్ణని ఊరంతా చాటుకుని, ఎవర్నీ ఏదీ అడగని ఆ నవల్లో ఆసామి ఒక ఆడపిల్ల కోసం పాక దాకా ఎందుకు నడిచాడో నాకు తట్టలేదు. ఆయన ఆవిడకిచ్చింది కాయ కాదు. ఆ నడకే. మా అమ్మ అట్ట చిరిగేదాకా చదివింది ఆ పేజీ కోసమే అయ్యుంటుంది. అది నేను కొట్టేసి ట్రాక్టర్ పెట్టాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది.

నేను తేరుకుని తిరిగొచ్చేసరికి, మేనేజర్ గుత్తదారుతో బేరం మాట్లాడేసుకున్నాడు. ట్రాక్టర్‌లోకి కాయలు ఎక్కుతున్నాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. ఇంక ఆ సంతోషాన్ని చెడగొట్టే పని నాది.

"లోడు దించేయండి. ఒక్క కాయ చాలు" అన్నాను.

దర్శకుడు నన్ను చూసిన చూపు మర్చిపోలేను. "తెర మీద పిసినారితనంలా ఉంటుందన్నారు కదండీ?"

"అన్నాను."

"మీ వాళ్ల చెయ్యి పెద్దదన్నారు."

"అదీ అన్నాను."

"హీరో ట్రాక్టర్ నేర్చుకున్నాడండీ. పది రోజులు నేర్చుకున్నాడు."

నా వాదనలన్నీ ఒక్కొక్కటిగా నా మీదే పడుతుంటే, ఎంత బాగా రాశానో అప్పుడు తెలిసింది. చివరికి, పాక దగ్గర చూసింది చూసినట్టు చెప్పాను. అతను పక్కకెళ్లి వాళ్లమ్మగారికి ఫోన్ చేశాడు. ఆ అమ్మగారి పుట్టిల్లు మైలవరం దగ్గర పల్లెటూరట. అడిగితే ముందే తెలిసేది, మేం అడగలేదు. తిరిగొచ్చి, "మా తాతయ్య కూడా అలా పాక దాకా ఎప్పుడూ వెళ్లలేదంట" అని మాత్రం అన్నాడు. ట్రాక్టర్ దండ తీయించేశాడు.

నేను మైలవరానికి ఫోన్ చేశాను. "అమ్మా, కాయ ఆయనది కాదు" అన్నాను.

"జంక్షన్ నుంచి ఇంటికి చేరావన్నమాట" అన్నారావిడ. చూడ్డానికి వస్తారా అని అడిగితే కారు పంపమన్నారు.

మర్నాడు ఆ సీను తీశాం. గుత్తదారు వేషం గుత్తదారే వేస్తానన్నాడు. అక్కడ మొదలైంది అసలు గొడవ. హీరో వచ్చి తల దించుకుని నిలబడగానే ఆయన గుండె కరిగిపోయి బుట్టెడు కాయలు ఎత్తి ఇచ్చేస్తున్నాడు. "ఒక్కటే ఇవ్వాలండీ" అంటే, "అంత మనిషి నోరు తెరిచి అడిగితే ఒక్కటేంటండీ, నాకు మర్యాద తెలీదనుకుంటారు మా వాళ్లు" అంటాడు. ఎన్ని టేకులైనా చెయ్యి తగ్గలేదు. ఆఖరికి పాకలో ఒక్క కాయే మిగిల్చి మిగతావన్నీ బయటికి మోయించాం.

నేనూ ఊరుకోలేదు. అలవాటు ఎక్కడికి పోతుంది. రాత్రికి రాత్రి ఆసామి గుత్తదారుని కాయ అడిగే మాటలు ఒక పేజీ నిండా రాసి తెచ్చాను. అందులో అభిమానం, ఆత్మగౌరవం, ప్రేమ, అన్నీ ఉన్నాయి. మానిటర్ పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిడకి చదివి వినిపించాను.

"అప్పుడు ఆయన ఏం అడిగాడో నాకే తెలీదు అబ్బాయ్. రాసిందాన్ని నేను. నీకెలా తెలిసింది?" అన్నారు.

పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. దూరం నుంచి తీశాడు దర్శకుడు. చెట్ల మధ్య పాక, ముందు ఇద్దరు మనుషులు, ఒకడు తల వంచుకుని ఉంటాడు. మాట వినబడదు. మీలో కొందరైనా మెచ్చుకున్న ఆ సీనులో మాటలు నావేనని తెర మీద ఉంది, దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఆవిడ మానిటర్‌కి బాగా దగ్గరగా వంగి చూశారు. అయిపోయాక చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. తర్వాత లేచి, కారు దాకా నడిపించమని నా చెయ్యి పట్టుకున్నారు. తలుపు తీశాను. ఎక్కలేదు.

"అబ్బాయ్" అన్నారు.

"చెప్పండమ్మా."

"కాపు బానే ఉంది ఈ ఏడు."

"బానే ఉందండి."

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అప్పుడు పేరు తీసెయ్యమన్నాను చూడు..." అని ఆగిపోయారు.

ఇలాంటి చోట అవతలి మనిషి నోట్లో మాట పెట్టడమే జీవితమంతా నేను చేసిన ఉద్యోగం. ఆ రోజు పెట్టబుద్ధి కాలేదు. ఆవిడ చేత ఆ వాక్యం పూర్తి చేయించబుద్ధీ కాలేదు.

"తీయలేదండీ. అలాగే ఉంది" అన్నాను.

శుద్ధ అబద్ధం. కొత్త పేరుతో పోస్టర్ కూడా హైదరాబాద్‌లో తయారైపోయింది. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, "సరే" అని కారెక్కారు.

ఈ రోజు ఆ సిరీస్‌కి నవల పేరే ఉందన్నా, పైన ఆవిడ పేరు ఉందన్నా, ఆవిడ చూపుండగా అది చూసుకున్నారన్నా, ఆ కారు వెళ్లాక జరిగిన ఒక ఫోన్ కాల్ వల్లే. నా పేరు చిన్నగా వేసినప్పుడూ, వెయ్యకుండా వదిలేసినప్పుడూ నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. అది నా పౌరుషమని చెప్పుకునేవాణ్ణి. కాదంటారేమోనని భయం, అంతకన్నా ఏం లేదు. జనరేటర్ వ్యాన్ పక్కకెళ్లి నిర్మాతకి ఫోన్ చేశాను. షూటింగ్ ఎలా జరిగిందన్నాడు, బాగా జరిగిందన్నాను. అక్కడ ఎండలెలా ఉన్నాయన్నాడు, చెప్పాను. యూనిట్‌కి భోజనాలు బాగున్నాయా అన్నాడు, బాగున్నాయన్నాను. ఇంక మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు. "ఇంకేంటండీ?" అన్నాడు.

అప్పుడు అడిగాను.